ఆ మేత ఎక్కడిది? పాడి, కోళ్ళు, గొర్రెలు, పర్యావరణం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయం ఎత్తితే చాలు, ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. మాంసం తినేవాళ్ళే భూమిని నాశనం చేస్తున్నారని ఒకరంటారు. ఇదంతా విదేశాల వాళ్ళ గోల, మన గేదెలకేం సంబంధమని ఇంకొకరంటారు. నాకు రెండూ మింగుడుపడవు. ముందే చెప్పేస్తున్నాను: నేను గేదెలున్న ఇంట్లో పుట్టాను, ఇప్పుడు హైదరాబాదులో ప్యాకెట్ పాలు కొంటాను, ఆదివారం మటన్ దొరికితే వదలను. చుట్టాలూ స్నేహితులూ ఎక్కువగా అడిగే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

గేదె త్రేన్పుకి భూమి వేడెక్కడం ఏంటండీ? నవ్వులాటా?

నవ్వొచ్చేదే కానీ నిజం. గేదె, ఆవు, గొర్రె, మేక నెమరు వేసే జంతువులు. మనం అరిగించుకోలేని గడ్డిని, చొప్పని అవి అరిగించుకుంటాయంటే, వాటి పెద్ద పొట్టలో ఉండే సూక్ష్మజీవుల పుణ్యమే. గడ్డి అక్కడ పులుస్తుంది. ఆ పులియడంలో మీథేన్ అనే గ్యాస్ పుడుతుంది. అందులో దాదాపు అంతా నోటి నుంచే, త్రేన్పులుగా, శ్వాసగా బయటికొస్తుంది. వెనకనుంచి వచ్చేది చాలా తక్కువ, జోకులన్నీ దాని మీదే ఉన్నా సరే.

ఒక పెద్ద గేదె ఏడాదికి 50 కిలోలకు పైనే మీథేన్ వదులుతుంది. మన వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండేది 14.2 కిలోలు. అంటే బరువులో చూస్తే మూడున్నర సిలిండర్లన్నమాట. వందేళ్ళ లెక్కన కిలో మీథేన్ సుమారు 27 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా వేడి పెంచుతుంది. ఇరవయ్యేళ్ళ లెక్కన చూస్తే 80 కిలోలతో సమానం. ఎందుకింత తేడా అంటే, మీథేన్ గాలిలో సగటున పన్నెండేళ్ళే నిలుస్తుంది. ఉన్నన్నాళ్ళూ మాత్రం గట్టిగా మండిస్తుంది.

రైతు వైపు నుంచి చూస్తే ఇది ఇంకో రకం నష్టం కూడా. పశువు తిన్న మేతలో ఉన్న శక్తిలో సుమారు 6 శాతం ఇలా గాలిలో కలిసిపోతుంది. తవుడు, చెక్క కొని వేసినవాడికి ఆ 6 శాతం విలువ తెలుసు.

భూమిని వేడెక్కించే వాయువుల ఉద్గారాల్లో (అంటే గాలిలోకి వదిలేవాటిలో) ప్రపంచంలో పశువుల వాటా ఒక చోట 18 శాతం, ఒక చోట 14.5, ఇంకో చోట 51 అంటారు. ఏది నమ్మాలి?

మొదటి రెండూ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వేర్వేరు సంవత్సరాల్లో వేసిన లెక్కలు. 2006లో 18 శాతం అంది. 2013లో 14.5 శాతం అంది. 2023లో దాదాపు 12 శాతమని చెప్పింది. పశువులు తగ్గి లెక్క తగ్గలేదు, లెక్కకట్టే పద్ధతీ ఆధారాలూ మారాయి. మేత పండించడం, అడవులు కొట్టడం, పేడ, రవాణా అన్నీ అందులోనే ఉన్నాయి.

51 శాతం అన్నది 2009లో ఒక పత్రిక వ్యాసంలో వచ్చింది. పశువులు ఊపిరి వదలడాన్ని కూడా అందులో కలిపేశారు. శాస్త్రవేత్తలు చాలామంది దాన్ని ఒప్పుకోలేదు. వాట్సాప్‌లో ఆ అంకె కనిపిస్తే అక్కడితో ఆపేయండి.

మన దేశం సంగతేంటి?

2016 లెక్కల ప్రకారం భారతదేశం మొత్తం ఉద్గారాల్లో వ్యవసాయ రంగం వాటా 14 శాతం. అందులో సగానికి పైగా ఈ నెమరు జంతువుల మీథేనే. మిగతా రంగాలతో పోలిస్తే చిన్నదే. విద్యుత్తు, పెట్రోలు, పరిశ్రమల ఇంధనం అన్నీ కలిసిన ఇంధన రంగానిది 75 శాతం. అందుకే బొగ్గు కరెంటుతో ఏసీ వేసుకుని కూర్చున్నవాళ్ళు ఊళ్ళో రెండు గేదెలున్న అమ్మమ్మకి పర్యావరణ పాఠం చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఒక్క మీథేన్ వరకే తీసుకుంటే మాత్రం మన దేశంలో అతిపెద్ద వనరు పశువులే. అదీ దాచకూడదు.

తాతల కాలం నుంచీ మన ఇళ్ళల్లో పశువులున్నాయి కదా, ఇప్పుడే ఎందుకీ గొడవ?

ఈ ప్రశ్నలో న్యాయం ఉంది. 1992 పశుగణనలో దేశంలో ఆవులు, ఎద్దులు కలిపి 20 కోట్ల పైచిలుకు, గేదెలు 8.4 కోట్లు. 2019 గణనలో ఆవులు, ఎద్దులు 19.2 కోట్లు, గేదెలు దాదాపు 11 కోట్లు. ట్రాక్టరు వచ్చి ఎద్దు పోయింది, పాల డెయిరీ వచ్చి గేదె పెరిగింది. రెండూ కలిపి చూస్తే 27 ఏళ్ళలో 29 కోట్ల నుంచి 30 కోట్లకు వచ్చాం, అంతే.

మంద పెరగకుండా ఉంటే, ఈ ఏడాది వదిలిన మీథేన్ పన్నెండేళ్ళ కిందటి మీథేన్ స్థానంలోకి వస్తుంది. కొత్తగా పెరిగే వేడి తక్కువ. మంద పెరిగితే వేడీ పెరుగుతుంది, తగ్గితే త్వరగా చల్లబడుతుంది. బొగ్గు అలా కాదు. ఇవాళ కాల్చిన బొగ్గు పొగలో చాలా భాగం వందల ఏళ్ళు పైనే ఉంటుంది. అసలు మార్పు గొడ్ల సంఖ్యలో కన్నా కోళ్ళలో వచ్చింది. 2019లో దేశంలో 85 కోట్ల కోళ్ళు, బాతులు ఉన్నాయి. ఇవి వేరే కథ, కిందకి వస్తాను.

నేను పక్కా శాకాహారిని. పాలు, పెరుగు, నెయ్యి తప్ప ఇంకేం ముట్టను. నాకు సంబంధం లేదుగా?

ఉంది, క్షమించాలి. ప్రపంచ సగటు తీసుకుంటే లీటరు పాల వెనక సుమారు 3 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారం ఉంటుంది. రోజుకి లీటరున్నర పాలు వాడే ఇల్లు, రోజుకి రెండు లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. మన దగ్గర లీటరుకి ఇంకా ఎక్కువే పడుతుంది. ఉత్తర అమెరికాతో పోలిస్తే దక్షిణాసియాలో ప్రతి లీటరుకీ ఉద్గారం రెండు మూడు రెట్లు. కారణం తేలిక. అక్కడి ఆవు రోజుకి 30 లీటర్ల దాకా ఇస్తుంది, మన నాటు ఆవు మూడు నాలుగు లీటర్లు, గేదె ఆరు లీటర్ల చుట్టుపక్కల. ఎన్ని లీటర్లిచ్చినా పశువు తన ఒంటికి తినాల్సింది తింటుంది, త్రేన్చాల్సింది త్రేన్చుతుంది. వట్టిపోయిన నెలల్లో పాలు లేకుండానే త్రేన్పులు.

పాలకీ మాంసానికీ మధ్య గోడ ఉందనుకోవడం కూడా మనల్ని మనం మభ్యపెట్టుకోవడమే. గేదె పాలివ్వాలంటే ఈనాలి. ఈనిన వాటిలో సగం దున్నదూడలు. ట్రాక్టర్ల కాలంలో దున్నపోతుతో పనేముంది? పెయ్యదూడకు వదిలినన్ని పాలు దున్నదూడకు వదలరని పాడి ఉన్న ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. వట్టిపోయిన గేదె ఏ సంతకు పోతుందో కూడా తెలుసు. ప్రపంచంలో పాల ఉత్పత్తిలో మొదటి స్థానంలో ఉన్న దేశమే గేదె మాంసం ఎగుమతిలో ముందు వరుసలో ఉండటం యాదృచ్ఛికం కాదు. పాల ధరలో ఆ కొంత రాబడి కూడా కలిసే ఉంటుంది.

నెయ్యి గురించి అడుగుతారు కాబట్టి: కిలో నెయ్యికి గేదె పాలైతే పదిహేను లీటర్ల దాకా కావాలి. ఆ భారమంతా నెయ్యి ఖాతాలో రాయకూడదు, మజ్జిగ కూడా మనమే తాగుతాం.

మా గేదె గడ్డి తప్ప ఏమీ తినదు. దానివల్ల పర్యావరణానికి మేలే కదా?

నాకు చాలా ఇష్టమైన ప్రశ్న. దీనికి జవాబు సగం అవును, సగం కాదు.

ముందు అవును. మా ఇంట్లో గేదె ఏం తినేదో ఒకసారి గుర్తు చేసుకుంటాను. వామి నుంచి లాగిన వరిగడ్డి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు, కాస్త తవుడు కలిపిన కుడితి. వరి కోశాక అదే చేలో చల్లిన పిల్లిపెసర, జనుము. గట్ల మీద గడ్డి. ఇందులో మనం తిండిగా వాడుకునేది దాదాపు ఏమీ లేదు. ఈ గేదె కోసమని ఎవరూ అడవి కొట్టలేదు. మనకు పనికిరానిదాన్ని తిని, మనకు పనికొచ్చే పాలు, పేడ ఇచ్చింది. అమెరికాలో మొక్కజొన్న తిని పెరిగే ఆవుకీ దీనికీ ఒకే తూకం వేయడం అన్యాయం.

ఇంకోటి. గేదె లేని ఊళ్ళో గడ్డికి దిక్కులేదు. చేతికోత ఉన్నప్పుడు గడ్డి కట్టలు కట్టి వామి వేసేవాళ్ళు. మిషను కోత వచ్చాక గడ్డి ముక్కలై చేనంతా పడిపోతుంది, ఏరాలంటే బేలరు తెప్పించి చుట్టలు చుట్టించాలి. పశువులున్నవాడు ఆ ఖర్చు పెడతాడు. లేనివాడు అగ్గిపుల్ల గీస్తాడు. గడ్డి తగలబెడితే వచ్చే పొగ ఎంతో ఢిల్లీ వాళ్ళని అడగక్కర్లేదు, ఇప్పుడు మన డెల్టాలోనూ కనిపిస్తోంది.

ఇక కాదు. వరిగడ్డి అరగడం కష్టం, పోషకం తక్కువ. ఎండు వరిగడ్డి మీదే బతికే గేదె లీటరు పాలకు వదిలే మీథేన్, పచ్చిమేతా దాణా సమపాళ్ళలో తినే గేదె కన్నా ఎక్కువ. అంటే మనిషి తిండితో పోటీ పడని పశువే లీటరుకి ఎక్కువ త్రేన్చుతుంది. పోటీ పడే పశువు తక్కువ త్రేన్చుతుంది. మీథేన్ ఒక్కదాన్నే చూసేవాళ్ళు పెద్ద డెయిరీలే మంచివంటారు. నేలను చూసేవాళ్ళు పెరటి గేదే మంచిదంటారు. నేను నేల వైపు మొగ్గుతాను. ఏ జంతువన్నది తెలిసిన తరవాత నేను అడిగే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఆ మేత ఎక్కడిది?

కిలోల లెక్కన చెప్పండి. ఏది ఎంత?

ప్రపంచవ్యాప్తంగా వేల పొలాల సమాచారం తీసుకుని 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం సగటులు చెబుతాను. కిలో ఆహారానికి కార్బన్ డయాక్సైడ్‌తో సమానం చేసి: మాంసం కోసమే పెంచిన ఆవు మాంసం సుమారు 100 కిలోలు, గొర్రె మాంసం 40, చెరువు రొయ్యలు 27, చీజ్ 24, పంది 12, కోడి 10, గుడ్లు 5 లోపు, బియ్యం 4.5, పాలు 3, వేరుశెనగ 3, పప్పులు 2 లోపు.

ఇవి ప్రపంచ సగటులు, మీ ఊరి మేకకి అచ్చంగా సరిపోవు. కానీ వరుస పెద్దగా మారదు. మటన్ కిలో చికెన్ నాలుగు కిలోలతో సమానం, కందిపప్పు ఇరవై కిలోలతో సమానం అని గుర్తుంటే చాలు. రొయ్యలు మూడో స్థానంలో ఉండటం చూశారుగా. దేశంలో రొయ్యలు ఎక్కువగా పెంచేది ఆంధ్రప్రదేశ్‌లోనే. "చేపలూ రొయ్యలూ మాంసం కాదు, లైట్" అనే మా బాబాయికి ఈ వాక్యం అంకితం.

ఫారం కోడి మంచిదా, నాటుకోడి మంచిదా?

దేనికి మంచిది? పులుసుకైతే నాటుకోడే, అందులో చర్చ లేదు.

వాతావరణం లెక్కలో బ్రాయిలర్‌దే పైచేయి. నలభై రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది. కిలో బరువు పెరగడానికి 1.6, 1.7 కిలోల దాణా సరిపోతుంది. కోడి నెమరు వేయదు కాబట్టి మీథేన్ గొడవ లేదు. కానీ ఆ దాణాలో సగానికి పైగా మొక్కజొన్న, మిగిలినదాంట్లో ఎక్కువ సోయా పిండి. దానికోసమే పొలాలు, యూరియా, బోరు నీళ్ళు. 2021లో సోయా ధర చుక్కలు తాకినప్పుడు కోళ్ళ పరిశ్రమ ఒత్తిడి మీద 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా పిండి దిగుమతికి కేంద్రం అనుమతి ఇచ్చింది. అంటే మన చికెన్ ఫ్రై కోసం విదేశాల పొలాల దాకా వెళ్ళాం.

పెరట్లో తిరిగే నాటుకోడి పురుగూ పుట్రా, రాలిన గింజలూ తిని ఐదారు నెలలకు కిలోన్నర అవుతుంది. దాని మేతకు నేల అక్కర్లేదు. ఐతే అలాంటి కోళ్ళతో హైదరాబాద్ ఆదివారం గడవదు. సిటీలో నాటుకోడి పేరుతో అమ్మేది చాలావరకు షెడ్డులో దాణా తిని పెరిగిందే, రెట్టింపు రోజులు తిని మరీ. ఊళ్ళో పెంచుకునేవాళ్ళకైతే రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు బాగుంటాయి.

మా ఊరి పక్కన కోళ్ళఫారం పెట్టారు. ఈగలతో అన్నం తినలేకపోతున్నాం. దీనికి రూల్సేమీ లేవా?

ఉన్నాయి. గుడ్ల కోళ్ళ షెడ్డుల్లో పెంట కింద పోగుపడుతుంది. తడి తగిలితే చాలు, ఈగలు వేల కొద్దీ పుడతాయి. దానికి తోడు ముక్కు మండించే అమోనియా. నత్రజని ఎక్కువగా ఉన్న ఆ పెంట వానకి కొట్టుకుపోతే చెరువు పచ్చగా నాచు పడుతుంది, బావి నీళ్ళలో నైట్రేట్ చేరుతుంది. మా బంధువుల ఊళ్ళో ఒక పెళ్ళిభోజనంలో విస్తరి మీద చెయ్యి ఊపుతూ తిన్నాను. ఆ ఫారం ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. ఊళ్ళో ముప్పై కుటుంబాలకు పని ఇచ్చేది కూడా అదే.

జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాల తరవాత కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిబంధనలు గట్టి చేసింది. 5,000 కోళ్ళకు మించిన ఫారాలు రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకోవాలి. ఇళ్ళకు 500 మీటర్లు, నదులు, చెరువులు, కాలవలకు 100 మీటర్ల దూరం ఉండాలి. పంచాయతీలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, దాని నకలు కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి పంపండి. నోటిమాట ఫిర్యాదు ఎక్కడా నిలవదు.

పెంటను ఎండబెట్టి, సున్నం చల్లి, పక్వానికి వచ్చాక పొలానికి వేస్తే అది బంగారం. రైతులు లారీలు పెట్టి తీసుకెళ్తారు. అదే పచ్చిగా చేపల చెరువులో పోస్తే వేరే రకం తలనొప్పి.

గొర్రెలు, మేకల వల్లే గుట్టలు బోడి అయ్యాయంటారు?

2019 గణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, సుమారు 1.9 కోట్లు. ఆంధ్రప్రదేశ్ రెండోది. 2017లో తెలంగాణ ప్రభుత్వం గొల్ల, కురుమ కుటుంబాలకు 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. గొర్రెలొచ్చాయి, మేత నేల రాలేదు. బంచరాయిలు, మేత పోరంబోకులు ఎప్పుడో ప్లాట్లుగా, పట్టాలుగా మారిపోయాయి. మిగిలిన చిన్న గుట్ట మీద పాతిక మందలు తిరిగితే మొలక నిలుస్తుందా? తప్పు గొర్రెదా, నేల మింగినవాళ్ళదా?

గొర్రె మంద నేలకు చేసే మేలు గురించి ఎవరూ మాట్లాడరు. పంట తీసిన చేలో రాత్రిళ్ళు మంద పెట్టించుకోవడానికి రైతు కాపరికి డబ్బో ధాన్యమో ఇచ్చే ఆనవాయితీ రాయలసీమలో, తెలంగాణలో ఇంకా ఉంది. పెంట, మూత్రం రెండూ నేరుగా నేలలోకి. పాలమూరు కాపరులు ఎండాకాలం మందలతో నల్లమల వైపు, కృష్ణా డెల్టా వైపు నడిచివెళ్తారు. ఒకచోట నిలవకుండా నడవడమే ఆ గడ్డికి మళ్ళీ పెరిగే వ్యవధి ఇస్తుంది. అటవీశాఖ వాళ్ళతో గొడవలు ఉంటాయి, పులుల అభయారణ్యంలో మందలు ఎంతవరకు ఉండొచ్చన్నది తేలని వ్యవహారం. అయినా నిలబెట్టి మేపే మందనీ, నడిచే మందనీ ఒకే గాటన కట్టకూడదు.

కిలో మాంసానికి 15,000 లీటర్ల నీళ్ళా? నమ్మలేకపోతున్నా.

ఆ అంకె ఆవు మాంసానిది, ప్రపంచ సగటు సుమారు 15,400 లీటర్లు. కోడికి 4,300, గుడ్లకు 3,300, లీటరు పాలకు వెయ్యి. కానీ ఇందులో పశువు తాగేది, కడగడానికి వాడేది చాలా కొంచెం. ఆవు మాంసం లెక్కలో 90 శాతానికి పైగా మేత పెరిగిన నేల మీద పడ్డ వాననీరే. ఆ వాన పశువు ఉన్నా లేకున్నా పడుతుంది.

చూడాల్సింది బోరు నీళ్ళు. అనంతపురంలో బోరు కింద నేపియర్ గడ్డి పెంచి పాలు అమ్మితే, ఆ లీటరు పాలు భూగర్భంలోంచి తీసిన నీళ్ళే. కోనసీమలో గట్టు గడ్డి తిన్న గేదె పాలు వాన నీళ్ళు. ప్యాకెట్ మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి.

అమెజాన్ అడవులకీ మనకీ ఏం సంబంధం?

కొంచెం ఇబ్బందికరమైన సంబంధమే ఉంది. మన ఒంగోలు జాతి.

బ్రెజిల్‌లో ఈ జాతిని నెలోర్ అంటారు. నెల్లూరు పేరే అది. ఆ రోజుల్లో ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు కలిసింది. 19వ శతాబ్దంలో ఓడలెక్కి మొదలైన ప్రయాణం 1960ల మొదట్లో జరిగిన పెద్ద దిగుమతులతో స్థిరపడింది. ఎండకి తట్టుకుంటుంది, గోమార్లకు లొంగదు, నాసిరకం గడ్డితోనూ ఒళ్ళు చేస్తుంది. ప్రకాశం ఎండల్లో పుట్టిన ఈ గుణాలే ఉష్ణమండలపు బ్రెజిల్‌కి కలిసొచ్చాయి. ఇప్పుడు అక్కడ 23 కోట్ల దాకా పశువులుంటే, మనుషుల కన్నా ఎక్కువన్నమాట, వాటిలో ఎక్కువ భాగం నెలోర్ రక్తమే. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ వేలంలో 40 లక్షల డాలర్లు దాటిందని మన పేపర్లన్నీ గర్వంగా రాశాయి.

రాయనిది ఒకటుంది. అమెజాన్‌లో కొట్టేసిన అడవిలో అత్యధిక భాగం పచ్చిక బయళ్ళుగా మారింది. ఆ బయళ్ళలో మేస్తున్నది మూపురం ఉన్న తెల్లటి పశువులే. ఇక్కడ నాగలి దున్నిన జాతి, అక్కడ అడవిని మింగుతోంది. పశువు అదే, మారింది మేతా నేలా. గర్వపడాలో బాధపడాలో తెలీక రెండూ పడుతుంటాను. ఇక్కడ ఒంగోలు గిత్త బండలాగుడు పోటీల్లో తప్ప కనపడక పోవడం ఇంకో బాధ.

రాబందులు మాయమవడానికి కారణం కూడా పశువులేనట?

పశువులకు మనం వేసిన మందు. డైక్లోఫెనాక్ అనే నొప్పి సూది. కుంటే ఎద్దుకి, జ్వరమొచ్చిన గేదెకి వేసేవాళ్ళు. ఆ పశువు చచ్చిపోతే కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు పాడై కొద్దిరోజుల్లో పోయేది. 1990ల నుంచి పదిహేనేళ్ళలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయాయి. అసలు కారణం 2004లో బయటపడింది, 2006లో పశువులకు ఆ మందు నిషేధించారు. అదే పని చేసే ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్ మందుల్ని 2023లో నిషేధించారు. మెలోక్సికామ్ రాబందులకు హాని చేయదు. మీ గేదెకి సూది వేస్తున్నప్పుడు సీసా మీద పేరు చూడటం మీ హక్కు.

ఊరి బయట గొడ్డు చచ్చిపడితే గంటల్లో ఎముకలు మిగిల్చే పక్షి పోయాక, ఆ పని కుక్కలు అందుకున్నాయి. వాటి సంఖ్య పెరిగింది, కాట్లూ పెరిగాయి. తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్ళు పెట్టిన విషయం 2013లో బయటపడినప్పుడు అందుకే అంత సంబరపడ్డాం.

కోళ్ళకు వేసే యాంటీబయాటిక్స్ కూడా పర్యావరణ సమస్యేనా?

అవును. కోడి ఒంట్లోంచి పెంటలోకి, పెంట నుంచి నేలలోకి, నీళ్ళలోకి. అక్కడ మందుకు లొంగని సూక్ష్మజీవులు తయారవుతాయి. మనుషులకు ఆఖరి ఆశగా దాచుకునే కొలిస్టిన్‌ని కోళ్ళు త్వరగా పెరగడానికి దాణాలో కలిపేవాళ్ళు. 2019లో ఆహార జంతువులకు దాన్ని నిషేధించారు.

వరి పొలాల నుంచి కూడా మీథేన్ వస్తుందట. మరి అన్నం మానేయమంటారా?

నిలిచిన నీళ్ళలో, గాలి ఆడని బురదలో గేదె పొట్టలో జరిగేదే జరుగుతుంది. అందుకే ధాన్యాల్లో బియ్యం అంకె ఎక్కువ. అన్నం మానక్కర్లేదు. మడిని మధ్యమధ్యలో ఆరబెట్టి తడి పెడితే మీథేన్ బాగా తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి, దిగుబడి పడిపోదు. కాలవ నీళ్ళు ఎప్పుడొస్తాయో తెలియని చివరి భూముల రైతు వచ్చినప్పుడే నిండా పెట్టుకుంటాడు. అతనికి ఆరబెట్టమని చెప్పేముందు నీళ్ళు టైముకు ఇవ్వాలి.

త్రేన్పులు తగ్గించే మందు ఏదో వచ్చిందని విన్నాను.

బెంగళూరులోని జాతీయ పశు పోషణ సంస్థ ‘హరిత్ ధార’ అనే దాణా మిశ్రమం తయారుచేసింది. టానిన్లు అనే వగరు పదార్థాలు ఉండే మొక్కల నుంచి చేసిన ఈ మిశ్రమంతో మీథేన్ 17 నుంచి 20 శాతం తగ్గుతుందని చెబుతున్నారు. విదేశాల్లో సముద్రంలో పెరిగే ఎర్ర రంగు నాచుతో ప్రయోగాలు నడుస్తున్నాయి. డెన్మార్క్ అయితే 2030 నుంచి పశువుల ఉద్గారాల మీద పన్నే వేయబోతోంది. న్యూజిలాండ్ అలాంటి ఆలోచనే చేసి రైతులు తిరగబడితే 2024లో విరమించుకుంది.

మన దగ్గర పన్ను మాట ఎత్తడం కూడా తప్పే. రెండు గేదెల మీద పిల్లల ఫీజులు కట్టే ఇల్లాలిని త్రేన్పుకింత కట్టమంటారా? మన దగ్గర పనిచేసేది మందు కన్నా ముందు మంచి మేత. అదే గేదెకి పచ్చిమేత, ఖనిజ లవణాలు సరిగా పెడితే పాలు పెరుగుతాయి, లీటరుకి మీథేన్ తగ్గుతుంది, డబ్బూ మిగులుతుంది. పది వట్టి పశువుల కన్నా నాలుగు పాలిచ్చేవి మేలు.

దగ్గర్లో పండిందే తింటే సరిపోతుందా?

రవాణా వల్ల వచ్చేది చాలా ఆహారాల్లో పదో వంతు కూడా ఉండదు. పక్క వీధి మటన్ కన్నా ఆఫ్రికా నుంచి ఓడలో వచ్చిన కందిపప్పు భారం తక్కువే. రుచికి, రైతుకి దగ్గరిది కొనండి. వాతావరణానికి ఏం తింటున్నామన్నదే ముఖ్యం.

సరే, నన్నేం చేయమంటారు?

మీరెవరన్నదాన్ని బట్టి. మన దేశంలో మనిషికి ఏడాదికి సగటు మాంసం 7 కిలోల చుట్టుపక్కల. అమెరికాలో వంద దాటుతుంది. తెలంగాణ సగటు దేశ సగటుకి కొన్ని రెట్లు ఎక్కువ. అంగన్‌వాడీలో పాప తినే గుడ్డు మీద ఈ లెక్కలేవీ వేయకండి, రక్తహీనత ఉన్నచోట గుడ్డు మందులాంటిది. వారానికి మూడు బిర్యానీలు ఆర్డరు పెట్టి సగం పారేసే మనలాంటి వాళ్ళ సంగతి వేరు. పారేసిన మటన్ ముక్క తిన్నదానికన్నా పాపం, త్రేన్పులన్నీ వృథా.

నా మట్టుకు నేను మటన్ నెలకి ఒకసారికి తెచ్చాను, చికెన్ అలాగే ఉంది, పప్పుచారు పెరిగింది. పాలు తగ్గించమంటే ఇంట్లో కాఫీ దగ్గర యుద్ధం జరిగింది, ఓడిపోయాను.

మా ఊళ్ళో పేడగ్యాస్ పెట్టుకుందామనుకుంటున్నాం. ఎన్ని పశువులుండాలి?

నలుగురైదుగురున్న ఇంటి వంటకి రెండు ఘనమీటర్ల ప్లాంటు చాలు. దానికి రోజూ 50 కిలోల పేడ కావాలి, అంటే నాలుగైదు పెద్ద పశువులు కట్టుకొట్టంలోనే ఉండాలి. మేతకి వదిలేస్తే పగటి పేడంతా బీట్లోనే పోతుంది, అది లెక్కలోకి తీసుకోకండి. పేడకి సమానంగా నీళ్ళు కలపాలి. నీళ్ళ ఎద్దడి ఉన్న ఊళ్ళలో ఎండాకాలం ప్లాంట్లు మూలపడేది ఇక్కడే. మీథేన్ గాలిలో కలవకుండా పొయ్యిలో మండి కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది, పిడకల పొగ తప్పుతుంది, బయటికొచ్చే స్లర్రీ పచ్చిపేడ కన్నా మంచి ఎరువు. చలికాలంలో గ్యాస్ తగ్గుతుంది, కంగారు పడకండి. గ్యాస్ నిలిచే డోము పగిలితే మాత్రం ఆలస్యం చేయకుండా బాగు చేయించండి. కారిపోయే ప్లాంటు అసలు ప్లాంటు లేకపోవడం కన్నా అధ్వాన్నం.